ఏ పక్క బడి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ మా కాలేజీ పిల్లలంటే ఒప్పుకుంటాను. పేరు జయంతి, సొంతూరు పలమనేరు, సూళ్లూరుపేటలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అక్కడి చల్లగాలి వదిలేసి ఈ ఉప్పుగాలిలోకి, ఉక్కపోతలోకి వచ్చిపడ్డాక నీ కోపం రెట్టింపయిందే అంటుంది మా అమ్మ. నిజమే అయ్యుంటుంది.

జీతం ఫిజిక్స్‌కే ఇస్తారు. పిల్లలకు మాత్రం నేను కౌన్సెలింగ్ మేడాన్ని. ఎంసెట్‌కు పేరు మార్చి ఇన్నాళ్ళయినా మా దగ్గర అది ఇంకా ఎంసెట్టే. దానికి దరఖాస్తు పెట్టించడం, మౌస్ పట్టుకోవడం రాని పిల్లలను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నమూనా పరీక్షలు రాయించడం, ర్యాంకు వచ్చాక ఏ కాలేజీ ముందు పెట్టాలో ఏది వెనక పెట్టాలో చెప్పడం, ఇవేవీ ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. నేనే వేసుకున్నాను. ఈ పిల్లల ఇళ్ళలో ఆ సంగతులు తెలిసినవాళ్ళు ఉండరు. నెట్ సెంటర్‌కు వెళితే అక్కడివాడు తన ఫోన్ నంబరు పెట్టి, తనకు కమీషన్ ఇచ్చే కాలేజీ పేరు మొదట కొట్టి, "అయిపోయింది, పోమ్మా" అంటాడు. రెండేళ్ళ చదువు ఒక్క పూటలో మట్టిపాలవుతుంది. అది చూడలేక, తిట్టుకుంటూ తిట్టుకుంటూనే ఈ పని చేస్తాను.

అలా నా చేతికి వచ్చిన పిల్లే కోమలి. తడ పక్కన ఊరు. వాళ్ళ నాన్న శాంతయ్య పులికాట్ సరస్సులో చేపలు పడతాడు. తల్లి అలివేలమ్మ రొయ్యల షెడ్డుకు వలుపు పనికి పోతుంది. పిల్ల సూళ్లూరుపేటలోనే కాలేజీ పిల్లల హాస్టల్లో ఉండి మా దగ్గర ఇంటర్ చదివింది. మొదటి సంవత్సరం దసరా సెలవులకు ముందు అనుకుంటాను, అద్దాల పాఠం చెబుతుంటే మూడో బెంచీలోంచి లేచింది.

"మేడం, అద్దంలో ఎడమా కుడీ మారతాయి గదా, పైనా కిందా ఎందుకు మారవు?"

ఇన్నేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. ఒక్కరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. "రేపు చెబుతాను, కూర్చో" అని గదమాయించి, ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేశాను. ఆ రోజు నుంచి ఆ పిల్లంటే నాకు ఒక రకమైన ఆశ. పిల్లల మీద ఆశ పెట్టుకోకూడదని ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే నేర్చుకున్నాను. అయినా పెట్టుకున్నాను.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషుకు మారిన పిల్ల ఎంత కష్టపడాలో చెబితే అర్థం కాదు, చూడాలి. లెక్క తెలుసు, లెక్క అడిగిన వాక్యం తెలియదు. ముందు వాక్యాన్ని విప్పుకుని, తర్వాత లెక్క చేసి, మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి పక్కవాళ్ళు రెండు లెక్కలు ముందుంటారు. కోమలి ఏడుస్తూ చేసింది, చేస్తూ ఏడ్చింది. రెండో సంవత్సరంలో మా పిల్లలను తిరుపతిలో యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ చూపించడానికి తీసుకెళ్ళాను. అందరూ కొండ మీదికి ఎప్పుడు పోదామని అడుగుతుంటే ఈ పిల్ల ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల ఒక తెర మీద పచ్చటి అల కదులుతోంది.

"ఈడ సదవాల మేడం" అంది. అంతే. ఇంకో మాట లేదు.

ర్యాంకు వచ్చింది. బాగా వచ్చింది. అంతకుముందు ఏడాది ఆ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సీటు ఎంత ర్యాంకు దాకా వెళ్ళిందో నాకు నోటికి వచ్చు. మా పిల్ల ర్యాంకు దానికి చాలా ముందుంది. యూనివర్సిటీ సీటు, పక్కనే ఆడపిల్లల హాస్టలు, ఫీజు గొడవ లేదు. "సంచి సర్దుకో" అన్నాను. శాంతయ్య ఆ సాయంత్రం మా ఇంటికి పెద్ద మడవ చేప తెచ్చి గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా దణ్ణం పెట్టి వెళ్ళాడు.

కౌన్సెలింగ్‌కు రిజిస్టర్ చేసేటప్పుడు ఆరో తరగతి నుంచి చదివిన బడుల సర్టిఫికెట్లు ఎక్కించాలి. అప్పుడు చూశాను. ఆరు నుంచి పది దాకా ఈ పిల్ల చదివింది తమిళనాడులో. సరిహద్దు దాటిన వెంటనే ఉండే సర్కారు బడి, తెలుగు మీడియం.

"మా ఊరికి అదే దగ్గర మేడం" అంది.

అటువైపు చదివి వచ్చే పిల్లలు మా కాలేజీలో ఏటా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు డిగ్రీకి పోవడమో, శ్రీసిటీ కంపెనీల్లో పనికి పోవడమో తప్ప ఎంసెట్ దాకా వచ్చినవాళ్ళు లేరు. కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు. అన్నీ ఎక్కించి పంపించాను. రెండు మూడు రోజులకు కోమలి పేరు పక్కన నాన్ లోకల్ అని వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. పులికాట్ ఒడ్డున పుట్టి, ఆ నీళ్ళలో చేపే తిని పెరిగిన పిల్ల నాన్ లోకలా? సీట్లలో నూటికి ఎనభై అయిదు పాళ్ళు ఈ ప్రాంతంలో చదివిన పిల్లలవి, వాళ్ళే లోకల్. మిగిలిన పదిహేను పాళ్ళ మీద అందరూ పడతారు. అందులో మా పిల్ల ర్యాంకుకు ఆ కాలేజీ గేటు కూడా తెరుచుకోదు. కంప్యూటర్ ఏదో పొరపాటు పడిందని, తండ్రినీ కూతుర్నీ వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. సర్టిఫికెట్లు చూసే కేంద్రం అక్కడే.

శాంతయ్య తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ మడత ఇంకా పోలేదు. శ్రీకాళహస్తి దాటాక, ఇంతసేపూ అడగాలా వద్దా అని ఊగిసలాడిన మాట అడిగాడు.

"మేడం, సీటు ఈ దినమే ఇస్తారా?"

"ఈ రోజు తప్పు సరిచేస్తారు. సీటు తర్వాత" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

కేంద్రంలో మా కాగితాలు చూసినాయన పేరు గుణశేఖర్. యాభై దాటినవాడు, మెత్తగా మాట్లాడతాడు. చూసి, పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీశాడు.

"మేడం, పొరపాటు కాదు ఇది. ఇంటర్ రెండో సంవత్సరం నించి వెనక్కి లెక్కేసుకుంటే వరసగా నాలుగేళ్ళు ఈ ప్రాంతంలో సదివుండాల. పాపకు రెండే ఉండాయి. తొమ్మిది, పది ఆ పక్క సదివింది."

"పుట్టింది ఈ పక్క. ఇల్లు ఈ పక్క. రేషన్ కార్డు, ఆధారు, వాళ్ళ నాన్న ఓటు అన్నీ ఈ పక్క. ఇంకేం కావాలి సార్?"

"అమ్మానాయన పదేళ్ళ నించి ఈ రాష్ట్రంలో ఉండారు కాబట్టే నాన్ లోకల్ కిందన్నా అర్హత వచ్చింది. లేకుంటే అదీ లేదు."

"ఇల్లు ఎక్కడుందో లెక్కలోకి రాదా మరి?"

ఆయన చెప్పడం ఇష్టం లేని మాట చెప్పేవాళ్ళ మొహం పెట్టాడు.

"వస్తాది మేడం. బడికి పోకుండా ఉంటే వస్తాది. ఆ నాలుగేళ్ళలో ఏ బళ్ళోనూ సేరకుండా ఇంటికాడ ఉండి, ప్రైవేటుగా పరీక్షలు కట్టింటే, అప్పుడు ఇల్లు సూస్తారు. బడికి పోయింది కాబట్టి బడినే సూస్తారు."

"అంటే రొయ్యలు వలుచుకుంటూ ఇంట్లో కూర్చుని ఉంటే లోకల్. బడికి పోయి చదివింది కాబట్టి పరాయిది. అంతేనా?"

హాల్లో అందరూ నా వైపు చూశారు. చూడనీ అనుకున్నాను. గుణశేఖర్ గొంతు పెంచలేదు.

"అరవద్దమ్మా. నేనూ సత్యవేడు పక్కోణ్నే. ఏటా ఇట్లాంటి బిడ్డలు ఇద్దరో ముగ్గురో నా ముందర కూర్చుంటారు. వాళ్ళకు నేను సెప్పేది ఇదే."

అటెండరు చేత మంచినీళ్ళు తెప్పించాడు. తిట్టడానికి నాకు ఒక మనిషి కావాలి. ఆయన తిట్టించుకునే మనిషి కాదు. ఆ నీళ్ళు తాగలేక తాగాను.

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ శాంతయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు. "సార్, ఇంటరు మన పక్క సదివిస్తే మన సీటు మనకే వస్తాదని మా ఊళ్ళో అందరూ అన్నారు. దానికోసమే బిడ్డను ఈ పక్కకి తెచ్చినా. హాస్టల్లో పెట్టినా. తప్పు చేసినానా సార్?"

గుణశేఖర్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని వేరే వాళ్ళ కాగితాలు అందుకున్నాడు.

బస్టాండులో నా కోపం శాంతయ్య మీద పడింది. గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు, సంచులు, లడ్డూ కవర్లు, అరుపులు, ఆ రద్దీలో ఆయన్ను నిలబెట్టి కడిగేశాను. మీ ఊరికి హైస్కూలు లేదా? హైవేకి అవతల పక్క కనబడుతుంటుంది కదా? సొంత రాష్ట్రంలో బడి పెట్టుకుని పొరుగు రాష్ట్రానికి ఎందుకు పంపించారు? అక్కడి బడిలో ఇచ్చే గుడ్ల కోసమా, సైకిలు కోసమా? ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. కోమలి నా చెయ్యి పట్టుకుని కొంచెం పక్కకు లాగింది. అంతవరకు ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు ఆ పిల్ల.

"మేడం, నాయన్ని ఏమీ అనద్దండి. మాయన్న సుకుమారు ఆ బడికే పోతా ఉండినాడు. రోడ్డు దాటేటప్పుడు లారీ కొట్టేసింది. అప్పుడు నేను అయిదో తరగతి. నన్ను ఆ బడికి పంపేదానికి అమ్మ ఒప్పుకోలేదు. తమిళనాడు పక్క బడికైతే సరుగుడు తోటల్లో నడిసి పోవచ్చు, రోడ్డు దాటే పని లేదు."

ఆ బస్టాండులో అంతమంది మధ్య నాకు ఏడుపొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. శాంతయ్య దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. ఆయనే నాకు టీ తెచ్చిచ్చాడు.

ఇల్లు చేరాక నిద్ర పట్టలేదు. ఈ పక్క కాకపోతే ఆ పక్క ఏదైనా దారి ఉంటుందేమో అనిపించింది. ఆ వారంలోనే శాంతయ్యతో కలిసి కోమలి చదివిన బడికి వెళ్ళాను. నిజమే, సరుగుడు తోటల మధ్య మంచి దారి, ఎండ కూడా పడదు. హెడ్మిస్ట్రెస్ స్టెల్లా తెలుగామే. పుట్టి పెరిగింది ఆ పక్కే కాబట్టి మాటలో అరవం కలుస్తుంది. కోమలి పేరు చెప్పగానే మొహం విప్పారింది.

"రొంబ మంచి పిల్ల మేడం అది. అరవం పరీక్షలో కూడా క్లాసులో అదే ఫస్టు. ఇంజినీరింగా? ఏ కాలేజీ?"

చెప్పాను. వింటూ వింటూ ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"పదకొండూ పన్నెండూ ఈ పక్కే సదివుంటే బాగుండు గదా మేడం. ఆరు నించి పన్నెండు దాకా సర్కారు బళ్ళో సదివిన బిడ్డలకి మా దగ్గర తీసిపెట్టిన సీట్లుండాయి. ఫీజు కూడా సర్కారే కడతాది. ఆ పిల్లకి కండ్లు మూసుకుని వచ్చుండును. వాళ్ళ నాయనకి అప్పుడే సెప్పినాను నేను. 'మా బిడ్డ మా రాష్ట్రంలోనే పెద్ద సదువు సదవాల మేడం' అన్నాడు. ఆ మాటకి నేనేం సెప్పేది?"

రెండేళ్ళు. ఆ పక్క ఇంకో రెండేళ్ళు ఉంటే అక్కడి సీటు. ఈ పక్కకు ఇంకో రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే ఇక్కడి సీటు. పదో తరగతి పూర్తయ్యాక దాటినవాళ్ళకు రెండు పక్కలా ఏమీ లేదు. ఈ సరిహద్దు ఊళ్ళ వాళ్ళు సరిగ్గా అప్పుడే దాటుతారు, ఎందుకంటే పది అయ్యాక బడి మారడం ఎవరికైనా మామూలే.

శాంతయ్య బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "కుదరదట" అన్నాను. ఆ రెండేళ్ళ సంగతి దాచాలని చూశాను గానీ అక్కర్లేకపోయింది.

"ఆయమ్మ అప్పుడే సెప్పింది మేడం" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నాకంటే చాలా వెనక నడిచాడు.

ఆ తర్వాత ఆదివారం నాడు కోమలి ఫోన్ చేసింది. మేడం, ఒకసారి ఇంటికి వస్తారా, నాయన ఏదో చేస్తానంటున్నాడు అంది. వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, ముందు తాటాకు పందిరి. పందిరి కింద తడలో నెట్ సెంటర్ నడిపే జయరావు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అలివేలమ్మ గడప మీద, చిన్న కూతురు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని. ఆ చిన్నది అప్పుడు అయిదో తరగతి. కోమలి తలుపు వెనక నిలబడింది.

జయరావుకు నన్ను చూడగానే కొంచెం ఇబ్బంది అయింది, వెంటనే తేరుకున్నాడు. "పెద్ద విషయమేం కాదు మేడం. ఈడ ఒక ప్రైవేటు స్కూలు ఉండె, మూసేసినారు. ఆయన మనకి తెలిసినాయనే. ఆరు నించి ఆ స్కూల్లో సదివినట్టు సర్టిఫికెట్లు రాసిస్తాడు. మూసేసిన బడి, ఎవురు పోయి అడిగేది?"

నేను వెంటనే వద్దనలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఇలాంటి కాగితాలు తెచ్చేవాళ్ళను ఇన్నేళ్ళుగా గేటు బయటికి నెట్టిన మనిషిని, ఆ పందిరి కింద మాత్రం నా మనసు చెయ్యమనే చెప్పింది. పిల్ల చదివిందా లేదా? చదివింది. ర్యాంకు దొంగదా? కాదు. ఇంకెందుకు వద్దు?

అలివేలమ్మ గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"ఆ బడి యాడ ఉండె?"

"రోడ్డుకి ఆ పక్క, హైస్కూలు ఎనకాల" అన్నాడు జయరావు.

"అంటే నా బిడ్డ దినామూ ఆ రోడ్డు దాటి పోయి సదివిందని రాస్తారా?"

శాంతయ్య తల తిప్పుకున్నాడు. అలివేలమ్మ చిన్నదాని జుట్టు వేళ్ళతో సరిచేస్తూ అంది.

"రాపిచ్చండి. కాయితంలో దాటితే ఏమీ కాదు గదా."

ఆమె ఆ మాట అన్నాక ఇక చేసేద్దామనే అనుకున్నాను. తలుపు వెనక నుంచి కోమలి మెల్లగా బయటికి వచ్చింది.

"ఆరు నించి తొమ్మిది దాకా రాస్తారు సరే. పదో తరగతి మార్కుల మెమో తమిళనాడు బోర్డుది గదా అన్నా. దాన్నేం చేస్తారు? వరసగా నాలుగేళ్ళు కావాలంటే అది కూడా ఈ పక్కదే ఉండాల గదా."

నేను కళ్ళు మూసుకున్నాను. ఎంత చిన్న సంగతి, ఎంత గట్టి సంగతి. మెమో నంబరు కొడితే కంప్యూటరే బయటపెడుతుంది. ఆ పిల్ల బుర్ర అంత చురుకైనది. తన సీటుకు మిగిలిన చివరి దొంగదారిని కూడా అదే బుర్ర మూసేసింది. అలివేలమ్మకు మెమో సంగతి అర్థం కాలేదు గానీ, తను అంత కష్టం మీద ఒప్పుకున్న మాట పనికిరాకుండా పోయిందని మాత్రం అర్థమైంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆప్షన్లు పెట్టాము. యూనివర్సిటీ పేరే మొదట పెట్టించాను, మూర్ఖంగా. అన్ని విడతలూ చూశాము. చివరికి ఎక్కడో ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీ వచ్చింది. నాన్ లోకల్‌కు సర్కారు ఫీజు ఇవ్వదు, అక్కడ చేరాలంటే వాళ్ళే కట్టుకోవాలి. ఎవరూ కట్టలేరు. నేను నాలుగు చోట్ల అడిగి చూశాను, ఒక ఏడాదికి సరిపడా మాటలు దొరికాయి తప్ప ఏమీ దొరకలేదు. డిగ్రీలో చేరమన్నాను. బతిమాలాను కూడా. కోమలి విన్నట్టే విని, ఆగస్టులో శ్రీసిటీలో కంపెనీకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఫోన్లలో పెట్టే సర్క్యూట్ బోర్డులు భూతద్దం కింద పెట్టి చూసే పని. నాకు ఫోన్ చేసి తనే చెప్పింది.

"నేను అడిగింది ఎలక్ట్రానిక్సే గదా మేడం. ఇదీ అదే. మీరు బాధపడద్దండి."

నవ్వింది కూడా. నన్ను ఓదారుస్తోంది! పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏడ్వాల్సిన చోట ఏడవకుండా నన్ను ఓదారుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి, క్లాసుకు పోయి, చేతిలో ఉన్న సుద్దముక్క గోడకేసి కొట్టాను. పిల్లలు భయపడిపోయారు. ఆ ఏడాది అద్దాల పాఠం వచ్చినప్పుడు త్వర త్వరగా చెప్పేసి పేజీ తిప్పేశాను.

ఆ ఏడు గడిచింది. మళ్ళీ జూన్ వచ్చింది. జూన్ వస్తే మా కాలేజీలో పిల్లలు చేరేలా చూడటానికి లెక్చరర్లం ఊళ్ళు తిరగాలి. పదో తరగతి పాసైన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, మా దగ్గర చేర్చండి, పుస్తకాలు ఉచితం అని చెప్పుకోవాలి. ఆ ఊరికి ఇంకెవరినైనా పంపమన్నాను. ఎవరూ లేరన్నారు. వెళ్ళాను. ఎవరికీ కనబడకుండా తిరిగి వచ్చేద్దామనుకుంటే, అలివేలమ్మే చూసి పిలిచింది.

"కోమలి లోపల పండుకోనుండాది మేడం, నైట్ షిఫ్టు. లేపమంటారా?"

"వద్దు, వద్దు" అన్నాను. అంత తొందరగా అన్నందుకు నాకే సిగ్గేసింది.

పందిరి కింద కుర్చీ వేసింది. మజ్జిగ ఇచ్చింది. చిన్నది కొంచెం ఎత్తు పెరిగింది, గడప మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"చిన్నది అయిదు పాసయింది మేడం. ఆరుకి యాడ సేర్చాల? మిమ్మల్నే అడగాలని ఉండినా. ఈ పక్కనా, ఆ పక్కనా?"

ఇదే నా పని. ఏది ముందు, ఏది వెనక అని చెప్పడమే నా పని.

"గురుకులం పరీక్ష రాయించారా? హాస్టలు ఉంటుంది."

"రాసింది. రాలేదు."

"పోనీ ఆ పక్కే పన్నెండు దాకా చదివించండి. స్టెల్లా మేడం చెప్పిన సీట్లు ఉన్నాయి కదా."

"ఆ బడి పదితో సరి మేడం. పదకొండుకి టౌనుకి పోవాల. ఆ పెద్దబడి కూడా రోడ్డుకి ఆ పక్కనే. ఇదే రోడ్డు గదా మేడం మద్రాసు దాకా పోయేది."

నాకు అప్పుడు తట్టింది. తట్టగానే నా ప్రాణం లేచొచ్చింది. "అలివేలమ్మా, వినండి. నాలుగేళ్ళు చాలు. ఎనిమిది దాకా ఆ పక్కే చదవనీ. తొమ్మిదిలో ఈ పక్కకు మార్చండి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. లోకల్ అయిపోతుంది. అప్పటికి పిల్ల పెద్దదవుతుంది, రోడ్డు చూసుకుని దాటగలదు."

ఆమె నా వైపు చాలా నెమ్మదిగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. తెలియక అంటున్నానని అర్థమైనట్టు చూసింది.

"సుకుమారు పోయింది తొమ్మిదిలోనే మేడం."

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. హైవే మీద లారీలు పోతున్న శబ్దం అక్కడికి బాగా వినబడుతుంది. ఆమె ఇన్నేళ్ళుగా అది వింటూ వండుకుంటోంది, నిద్రపోతోంది. ఈ పక్క చేర్చమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ పక్క చేర్చమంటే ఆ పిల్లను కూడా నా చేతులతోనే కంపెనీకి రాసిచ్చినట్టు. ఎన్నో ఏళ్ళుగా వందలమంది పిల్లలకు దారి చెప్పిన మనిషిని, ఆ గడప ముందు ఒక్క మాట చెప్పలేక కూర్చున్నాను.

అలివేలమ్మ లేచి, కింద పెట్టిన గ్లాసు తీసుకుంటూ, నా బరువు దించడానికన్నట్టు తనే చెప్పేసింది.

"ఆ పక్కే సేరుస్తాలే మేడం. సీటు రాకుంటే కంపెనీ ఉండాది గదా. వాళ్ళ బస్సు మా ఇంటి పక్కకే వస్తాది, రోడ్డు దాటే పని లేదు."